కొరివి చెట్టుకు చెల్లెలు

దక్కను అడవుల్లో ఓ చిన్న చెట్టుంది. దాని కొమ్మ విరిచి, ఎండబెట్టకుండా పచ్చిదే నిప్పంటిస్తే కాగడాగా వెలుగుతుంది. తెలుగువాళ్లు దాన్ని కొరివి అన్నారు, కొన్ని చోట్ల కొరివిపాల అన్నారు. దొరలు కూడా దాన్ని కాగడా చెట్టనే రాసుకున్నారు. ఈ చెట్టు వంశమేదో వెతుక్కుంటూ పోతే తేలే చుట్టం మరీ చిత్రమైనది. సిద్దిపేటలో గేటు పక్కన, మెట్ల కింద, నీడపట్టున కుండీలో కనిపించే పొట్టి నూరువరహాల మొక్క దీనికి స్వయానా చెల్లెలు. నర్సరీ వాళ్లు మినీ ఎగ్జోరా అని అమ్మేది దాన్నే.

రెండూ ఇక్సోరా అనే ఒకే ప్రజాతికి చెందినవి. ప్రపంచంలో ఈ ప్రజాతి మొక్కలు ఐదు వందల రకాలకు పైనే ఉన్నాయి. కాస్త దూరపు బంధువుల్ని కూడా కలుపుకుంటే కాఫీ, గంధరాజం ఈ కుటుంబంలోవే.

కొరివి తెల్లగా, కమ్మని వాసనతో పూస్తుంది. నూరువరహాలు ఎర్రగా గుత్తులు గుత్తులుగా పూస్తుంది, వాసన మాత్రం ఉండదు. అక్క రాళ్లగుట్టల మీద ఎండకు తట్టుకుని బతికింది. చెల్లెలి పుట్టిల్లు వాన కుండపోతగా కురిసే పడమటి తీరం. సిద్దిపేట పెరళ్లలో వచ్చే తంటాలన్నిటికీ మూలం ఆ పుట్టింట్లోనే ఉంది.

ఆ పుట్టింటి కథ 1670లలో కొచ్చిలో మొదలవుతుంది. మలబారు తీరపు కోటలు డచ్చివాళ్ల పట్టులో ఉండేవి. హెన్రిక్ వాన్ రీడ్ అక్కడ అధిపతి. తమ సైనికులకు మందులు కావాలంటే డచ్చివాళ్లు యూరప్ నుంచి వచ్చే ఓడల కోసం కాచుకున్న రోజులవి. చుట్టూ అడవి నిండా మూలికలుంటే ఇదేం అవస్థ అనుకున్నాడు రీడ్. సిలోన్ కన్నా మలబారే డచ్ ఈస్టిండియా కంపెనీకి ఎక్కువ విలువైనదని పైవాళ్లకు నిరూపించాలన్న పట్టుదల కూడా ఆయనకుంది. మొక్కల కోసం మనుషుల్ని అడవుల్లోకి పంపాడు. బొమ్మలు గీసేవాళ్లను కూర్చోబెట్టాడు. తెలిసినవాళ్లను పిలిపించాడు. అలా వచ్చినవాళ్లలో ముఖ్యుడు ఇట్టి అచ్యుతన్, ఈళవ కులానికి చెందిన వంశపారంపర్య వైద్యుడు. ఆయనకు తోడు రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మణులు. అచ్యుతన్ తన ఇంటి తాళపత్రాల్లో ఉన్నది మలయాళంలో చెప్పేవాడు. అది పోర్చుగీసులోకి, అక్కడి నుంచి లాటిన్‌లోకి వెళ్లేది. ఇన్ని నోళ్లు దాటినా సరుకు చెడిపోకుండా ఆమ్‌స్టర్‌డామ్ అచ్చుయంత్రాలకు చేరడమే ఒక వింత.

అలా తయారైన పుస్తకమే హోర్టస్ మలబారికస్. దాని మొదటి సంపుటం 1678లో, పన్నెండోది 1693లో వెలువడ్డాయి. ఏడు వందలకు పైగా మొక్కలు, ఒక్కో బొమ్మ మీద లాటిన్, మలయాళం, అరబ్బీ, నాగరి లిపుల్లో పేర్లు! రెండో సంపుటంలో 'షెట్టి' పేరుతో ఉన్నది మన నూరువరహాలే. కేరళలో ఇప్పటికీ చెత్తి, తెచ్చి అంటూ గుళ్లో మాలలు కడతారు. పసిపిల్లల ఒంటికి రాసే కొబ్బరినూనెలో ఆ పూలు వేసి కాచుతారు. పుస్తకం పూర్తవడం చూడకుండానే 1691లో రీడ్ కన్నుమూశాడు, సూరత్‌లో ఆయన సమాధి ఉంది. అచ్యుతన్ ఇంటి తాళపత్రాలకు అంత భాగ్యం కూడా దక్కలేదు. అచ్చులోకి ఎక్కింది మిగిలింది, మిగతాది పోయింది.

వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు ఇక్సోరా కాక్సీనియా అని పేరు పెట్టాడు. పోర్చుగీసు నోట్లో నలిగిన ఈశ్వరుడే ఆ ఇక్సోరా. స్వీడన్‌లో కూర్చున్న ఆ పెద్దమనిషి ఇండియా గడప తొక్కింది లేదు. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశాక బ్రిటన్‌లో అద్దాల ఇళ్లు పెరిగాయి. బొగ్గు మంటతో వెచ్చబెట్టిన గదుల్లో తోటమాలులు ఈ మొక్కను సాకి, సంకరాలు చేసి, పూల ప్రదర్శనల్లో పోటీకి పెట్టారు. అట్లాంటిక్ అవతల, ఒకప్పటి డచ్ వలస సురినామ్‌లో ఇది 'ఫాయా లోబి', అంటే మండే ప్రేమ. ఆ దేశపు జాతీయ పుష్పం కూడా.

మన వైపు సామర్లకోటలో 1781 నుంచి పన్నెండేళ్లు గడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మొక్కల పక్కన తెలుగు పేర్లు ఓపికగా రాసుకున్నాడు. రీడ్‌కు అచ్యుతన్ చెప్పినట్టు ఈయనకూ ఎవరో చెప్పే ఉంటారు. వాళ్ల పేర్లు పుస్తకంలోకి ఎక్కలేదు. తర్వాత కిరసనాయిలు వచ్చింది, టార్చిలైటు వచ్చింది, కొరివి కొమ్మ విరిచే చెయ్యి లేకుండా పోయింది. ఈ రోజు కుండీలో నూరువరహాలు పెంచేవాళ్లలో కొరివి చెట్టును చూపించగలిగేవాళ్లు అరుదు. ఇక్కడి నేలకు అలవాటైన అక్కను గుట్టమీద వదిలేసి, ఇక్కడి నీళ్లు పడని చెల్లెలికి మందులు తాగిస్తున్నాం. సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల రెండూ ఉన్నాయి. ఎవరో ఒకరు కొరివిని పెరటి మొక్కగా తీర్చి ఇవ్వకూడదా?

పొట్టి రకాలు ఎక్కువగా కడియం నర్సరీల నుంచి ఎర్రమట్టి కవర్లలో లారీలెక్కి వస్తాయి. తెచ్చిన కొత్తలో నిగనిగలాడతాయి. కొన్నాళ్లకు లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. జబ్బు ఆ నీళ్లలోనే ఉంది. పడమటి తీరపు మట్టిలో సున్నాన్ని వానలు కడిగేయడంతో అది పుల్లబారి ఉంటుంది. నూరువరహాలకు ఉదజని సూచిక 5, 6 మధ్య ఉంటే హాయి. బోరు నీళ్లలో సున్నం, బైకార్బనేట్లు ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లటి పూట ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. అసలు మందు మాత్రం డాబా మీద పట్టి ఉంచిన వాన నీళ్లు. కుండీలో మాగిన ఆకు ఎరువు, కొబ్బరి పొట్టు కలపాలి. సిమెంటు గోడ వారగా నేలలో నాటితే గోడ సున్నం కూడా వేళ్లకు తగులుతుంది.

నీడ ఇష్టమే కానీ చీకటి కాదు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట బాగా పూస్తుంది. చీమలు బారులు తీరితే ఆకు తిరగేసి చూడాలి, పిండినల్లి ఉండి ఉంటుంది. పూత కొత్త కొమ్మల చివర్లలోనే వస్తుంది కాబట్టి గుత్తి వాడగానే కింద రెండాకులతో సహా తుంచేస్తే అక్కడ రెండు చిగుళ్లు వేస్తుంది. పదే పదే కత్తెరతో గుండ్రంగా కత్తిరించే ఇళ్లలో ఆకులే మిగలడానికి కారణం పూత ఇలా చివర్లలో రావడమే.

ఒక పువ్వును దగ్గరగా చూస్తే నాలుగు రేకులు, వాటి కింద దారంలా సన్నటి గొట్టం. మొగ్గ విప్పక ముందే పుప్పొడి కీలం మీద రాలి ఉంటుంది. పువ్వు విచ్చగానే కీలం దాన్ని మోసుకుని బయటికి పొడుచుకొస్తుంది. గొట్టం అడుగున తేనె ఉంటుంది, పొడుగు నాలుక ఉన్న సీతాకోకచిలుకలకే అందుతుంది. పిల్లలు మాత్రం కీలాన్ని కింది నుంచి మెల్లగా లాగి, దాని కొసన మెరిసే బొట్టును నాలుక మీద వేసుకుంటారు.