ఎవరి గడియారం?

మగ కళాకారుడి దుఃఖానికి కథ అయ్యే అర్హత ఎప్పుడూ ఉంటుంది. తాగుడు, మత్తుబిళ్ళలు, లెక్కలేనన్ని ప్రేమలు, చివరికి గుండెపోటు - ఇవన్నీ అతని ప్రతిభకి రుజువులుగా చెలామణీ అయిపోతాయి. అదే వేదిక మీద అతని పక్కన నిలబడి పనిచేసిన స్త్రీకి ఆ కథలో మిగిలేవి రెండే పాత్రలు: అన్నీ భరించిన భార్య, లేదంటే స్ఫూర్తినిచ్చిన ప్రేయసి. ఆమె చేసిన పని ఏమిటి, ఆ పనికి ఎంత ముట్టింది, దాని కింద ఎవరి పేరు పడింది అన్న ప్రశ్నలు జీవితచరిత్రలు రాసేవాళ్ళని పెద్దగా ఇబ్బంది పెట్టవు.

ఈ ప్రశ్నల్ని వెంటబెట్టుకునే నేను 'ఫాసీ/వెర్డన్' సీరియల్ చూశాను. అమెరికాలో ఎఫ్.ఎక్స్. ఛానెల్ 2019 ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది భాగాలుగా దాన్ని ప్రసారం చేసింది. బ్రాడ్‌వే మ్యూజికల్ అంటే మాట, పాట, నృత్యం కలిసి నడిచే నాటకం. మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. ఆ రంగంలో నృత్యదర్శకుడిగా, దర్శకుడిగా పేరు మోసిన బాబ్ ఫాసీ, నర్తకి, నటి గ్వెన్ వెర్డన్‌ల జీవితం ఇందులో కథ. శామ్ రాక్‌వెల్, మిషెల్ విలియమ్స్ ఆ పాత్రలు వేశారు. దీనికి ఆధారం శామ్ వాసన్ 2013లో వెలువరించిన జీవితచరిత్ర. దాని పేరు 'ఫాసీ' మాత్రమే. పుస్తకం తెరమీదకి వచ్చేటప్పటికి శీర్షికలో ఒక గీత, ఆ గీత పక్కన ఒక స్త్రీ పేరు చేరాయి. ఆ గీత ఎంతవరకు నిజంగా ఇద్దర్నీ సమానంగా నిలబెట్టింది అన్నదే నేనిక్కడ చూడాలనుకుంటున్నది.

ముందు ఆమె సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆమెని అతని ద్వారానే ఎరుగుదురు. గ్వెన్ వెర్డన్ 1925లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో పుట్టింది. తండ్రి సినిమా స్టూడియోలో ఎలక్ట్రీషియన్, తల్లి నర్తకి. చిన్నతనంలో రికెట్స్ వల్ల కాళ్ళు వంకర తిరిగితే తోటిపిల్లలు కుంటిదని ఎగతాళి చేసేవారు. ఆ కాళ్ళు సరవుతాయనే తల్లి నాట్యం నేర్పించింది. 17 ఏళ్ళకి పెళ్ళయింది, మరుసటి ఏడాదికల్లా కొడుకు పుట్టాడు. ఆ పెళ్ళి నిలవలేదు. బిడ్డని తల్లిదండ్రుల దగ్గర ఉంచి ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళింది. నృత్యదర్శకుడు జాక్ కోల్ దగ్గర కొన్నేళ్ళు సహాయకురాలిగా పనిచేసింది. 1953లో వచ్చిన 'జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్' సినిమా కోసం మార్లిన్ మన్రో, జేన్ రస్సెల్‌లకి అడుగులు నేర్పినవాళ్ళలో ఆమె ఉంది. ఆ సినిమా పేర్ల పట్టికలో మాత్రం లేదు.

అదే ఏడాది బ్రాడ్‌వేలో 'కాన్-కాన్' మొదటిరోజు ప్రదర్శనలో ఆమె నాట్యం చూసిన జనం చప్పట్లు ఆపలేదు. బట్టలు మార్చుకునే గదిలోంచి తువ్వాలు చుట్టుకుని వచ్చి మళ్ళీ నమస్కరించాల్సి వచ్చింది. 1954, 1959 మధ్య ఆమెకి నాలుగు టోనీ అవార్డులొచ్చాయి. 1955లో 'డామ్ యాంకీస్' నాటకానికి ఫాసీతో కలిసి పనిచేసేటప్పటికి టిక్కెట్లు అమ్ముడయ్యేది ఆమె పేరు మీద. 1959లో 'రెడ్‌హెడ్' చెయ్యమని అడిగినప్పుడు ఫాసీ దర్శకత్వం వహిస్తేనే చేస్తానని పట్టుబట్టింది. అతను బ్రాడ్‌వేలో దర్శకుడు కావడం అలా జరిగింది. అంతకుముందు 1954లో 'పజామా గేమ్' నృత్యాలు అతనికి ఇప్పించమని పెద్దలకి నచ్చజెప్పింది అప్పటి భార్య, ఆమె కూడా నర్తకే అయిన జోన్ మెక్‌క్రాకెన్. అంటే ఒంటరి ప్రతిభ అని మనం పిలిచేదానికి రెండు మెట్లు ఇద్దరు స్త్రీలు కట్టారు. సీరియల్ ఈ విషయాన్ని దాచలేదు. అందుకు దాన్ని మెచ్చుకోవాలి.

1960లో వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. 1963లో కూతురు నికోల్ పుట్టింది. 1966లో 'స్వీట్ ఛారిటీ' వేదిక మీద ఆమెకి పెద్ద విజయం. మూడేళ్ళ తర్వాత అదే కథని ఫాసీ సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర షర్లీ మెక్లీన్‌కి వెళ్ళింది. వెర్డన్ కోపగించుకుని ఇంట్లో కూర్చోలేదు, మెక్లీన్‌కి అవే అడుగులు నేర్పింది. తన శరీరంలో పుట్టిన పాత్రని మరొకరి శరీరంలోకి దగ్గరుండి ఎక్కించడం ఎలాంటి పని? త్యాగం అనేస్తే తేలిగ్గా ఉంటుంది. మన దగ్గర స్త్రీల పనికి అలాంటి పేర్లు పెట్టే అలవాటు చాలా ఉంది కూడా. నాకు మాత్రం అది నైపుణ్యం ఉన్న, జీతం దొరకాల్సిన వృత్తిపని అనిపిస్తుంది.

'కాబరే' సినిమా దగ్గర ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. పశ్చిమ జర్మనీలో తీసిన ఆ సినిమాకి ఆమె దుస్తులు వెతికింది, నృత్యాలు సరిదిద్దింది. ఒక పాటకి కావలసిన గొరిల్లా వేషం దొరక్కపోతే న్యూయార్క్ వెళ్ళి తెచ్చింది. ఆ సినిమాకి 1973లో ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. 'గాడ్‌ఫాదర్' పోటీలో ఉన్న సంవత్సరంలో ఉత్తమ దర్శకుడు ఫాసీ అయ్యాడు. అదే ఏడాది అతనికి టోనీలు, ఎమ్మీలు కూడా దక్కాయి. వెర్డన్ పేరు ఆ సినిమాలో ఎక్కడా కనబడదు. 1971లోనే వాళ్ళు విడిగా ఉండటం మొదలుపెట్టారు. విడాకులు మాత్రం ఎప్పటికీ తీసుకోలేదు.

నృత్యచరిత్రలో ఈ పేరు లేకపోవడం మరీ ప్రమాదకరం. రాసిన కథకి చేతిప్రతి ఉంటుంది, పాటకి స్వరలిపి ఉంటుంది. అడుగు మాత్రం చాలావరకు మనిషి నుంచి మనిషికే వెళ్తుంది. నృత్యరచనని అమెరికా కాపీరైటు చట్టంలో స్పష్టంగా పేర్కొన్నదే 1976లో. ఆ చట్టం 1978లో అమల్లోకి వచ్చింది. అదైనా రచయితని గుర్తిస్తుంది గాని, ఆ అడుగులు తన ఒంట్లో దాచుకుని పదిమందికి అందించినామెని గుర్తించదు. సహాయకురాలే గ్రంథాలయం అయినచోట, సహాయకురాలి పేరు లేకుండా చరిత్ర రాసుకోవడం అలవాటైపోయింది.

ఇది దూరదేశపు సంగతి అని వదిలేయలేకపోవడానికి నాకో కారణం ఉంది. ఆంధ్రనాట్యాన్ని నటరాజ రామకృష్ణగారు పునరుద్ధరించారని మనందరికీ తెలుసు. ఆయన కృషి నిజమైనది, పెద్దది. అయితే ఆయనకి ఆ నాట్యాన్ని అందించింది కళావంతుల కుటుంబాల్లోని వృద్ధ నర్తకులు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వాళ్ళ కట్టుబాట్లతో పాటు వాళ్ళ వేదికనీ తీసేసింది. గజ్జెలు విప్పేసినా అభినయాన్ని ఒంట్లో దాచుకున్న ఆ స్త్రీలలో మనం ఎంతమంది పేర్లు చెప్పగలం? దేశాలు వేరు, కులం తెచ్చిన అవమానం వేరు. దాన్ని వెర్డన్ పరిస్థితితో సమానం చెయ్యడం అన్యాయం. కానీ పేరు జారిపోయే చోటు మాత్రం ఒకటే. నేర్చుకున్నవారి పేరు నిలుస్తుంది, నేర్పినవారు 'కొందరు స్త్రీలు' అవుతారు.

మళ్ళీ సీరియల్ దగ్గరికి వస్తాను. 'షికాగో' నాటకం వెనక ఉన్న కథ స్త్రీల రచనాచరిత్రలో కూడా చేరాల్సింది. మొరీన్ డల్లాస్ వాట్కిన్స్ 1924లో 'షికాగో ట్రిబ్యూన్' పత్రికలో నేరవార్తలు రాసేది. ప్రియుళ్ళని చంపారన్న కేసుల్లో నిర్దోషులుగా బయటపడిన ఇద్దరు స్త్రీల మీద తను రాసిన వార్తల నుంచి 1926లో 'షికాగో' అనే నాటకం తయారుచేసింది. దాన్ని మ్యూజికల్‌గా చెయ్యాలన్న కోరిక వెర్డన్‌ది. వాట్కిన్స్ బతికుండగా హక్కులివ్వలేదు. 1969లో ఆమె చనిపోయాకే అవి దొరికాయి. 1974లో రిహార్సల్స్ మొదలవగానే ఫాసీకి గుండె శస్త్రచికిత్స జరిగింది. 1975 జూన్‌లో నాటకం తెర లేచేటప్పటికి వెర్డన్‌కి 50 ఏళ్ళు. ఆ వయసులో నర్తకి ప్రధానపాత్ర వెయ్యడానికి తనే నాటకం వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ భాగాల్లో మిషెల్ విలియమ్స్ నటన చూస్తున్నంతసేపూ, పని కోసం ఆకలిగా ఉన్న స్త్రీని తెరమీద చూడటం ఎంత అరుదో గుర్తొచ్చింది.

ఇంత చేసిన సీరియల్‌తో నా పేచీ ఒక్కచోట. ఎప్పటికప్పుడు తెరమీద అక్షరాలు పడతాయి, ఫాసీ చనిపోవడానికి ఇంకా ఇంత కాలం ఉందని. కథ ముందుకీ వెనక్కీ ఎటు గెంతినా లెక్క ఆ చావు నుంచే. వెర్డన్ మొదటి విజయమైనా, బిడ్డ పుట్టినా, పాత్ర చెయ్యి జారినా, అవన్నీ ఆ మగవాడి మిగిలిన ఆయుష్షులో జరిగిన సంగతులవుతాయి. శీర్షికలో గీత పెట్టి ఇద్దరికీ చోటిచ్చినవాళ్ళు, గడియారం మాత్రం ఒక్కరి చేతికే కట్టారు.

ఆ గడియారం ఫాసీ స్వయంగా తయారుచేసుకున్నది కూడా. 1979లో 'ఆల్ దట్ జాజ్' సినిమాలో అతను తన జబ్బునీ, తన అపరాధభావాన్నీ, చివరికి తన చావునీ పాటలతో సహా ముందే తీసి పెట్టుకున్నాడు. భార్యని పోలిన పాత్ర మరో నటికి ఇచ్చాడు. సహచరిగా ఉన్న యాన్ రైన్‌కింగ్ తనలాంటి పాత్ర తనే వెయ్యడానికి ఆడిషన్‌కి వెళ్ళాల్సి వచ్చింది. తన తప్పుల్ని తనే అందంగా ఒప్పేసుకోవడం కూడా ఒక అధికారమే. ఆ తర్వాత ఎవరు చెప్పినా, అతను చెప్పినదానికి వ్యాఖ్యానంలా వినబడుతుంది. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన సీరియల్ కూడా ఆ లాగుడు నుంచి పూర్తిగా తప్పించుకోలేకపోయింది.

2017 తర్వాత తీసినది కాబట్టి, నర్తకుల మీద ఫాసీ చేసిన ఒత్తిడినీ, కాదన్న అమ్మాయికి పనిచోట ఎదురైనదాన్నీ సీరియల్ చూపించింది. పసితనంలో క్లబ్బుల్లో నాట్యం చేసే రోజుల్లో అతని మీద జరిగిన లైంగిక దౌర్జన్యాన్నీ చూపించింది. ఆ పిల్లవాడి పట్ల నాకు కరుణే కలిగింది. కానీ గాయం కారణాన్ని చెబుతుంది, లెక్క తీర్చదు. అతని గతంలోకి వెళ్ళడానికి కథకి ఉన్నంత ఓపిక, కాదన్న ఆ అమ్మాయి తర్వాత ఏం చేసింది, ఎక్కడ పని దొరికింది అని అడగడానికి లేదు.

ఇలాంటి కథల్ని కూతుళ్ళు మోయడం నన్ను ఆలోచింపజేస్తోంది. 2001లో ఏబీసీ ఛానెల్‌లో జూడీ గార్లండ్ జీవితం సీరియల్‌గా వచ్చినప్పుడు దానికి ఆధారం కూతురు లోర్నా లఫ్ట్ రాసిన జ్ఞాపకాలు. 'ఫాసీ/వెర్డన్' నిర్మాణంలో నికోల్ ఫాసీ పాలుపంచుకుంది. తల్లిదండ్రుల నృత్యాల్ని కాపాడటానికి ఆమె 2013లో పెట్టిన సంస్థ పేరులో వెర్డన్ ముందు, ఫాసీ తర్వాత. వెర్డన్ పేరు సీరియల్ శీర్షికలోకి రావడం వెనక ఇలా దశాబ్దాలుగా ఒక ఇంట్లో నిలిచిన జ్ఞాపకం ఉంది. విమర్శకులు మర్చిపోయినదాన్ని కూతురు దాచిపెట్టింది. తల్లుల సారస్వతాన్ని పాత ట్రంకుపెట్టెల్లో వెతుక్కున్న మనకి ఇది కొత్త కాదు.

ఈ పాత్రకి 2019 సెప్టెంబర్‌లో ఎమ్మీ అందుకున్నప్పుడు మిషెల్ విలియమ్స్ కళ గురించి కాక జీతం గురించి మాట్లాడింది. తనకి సమానంగా చెల్లించినందుకు నిర్మాతలకి కృతజ్ఞత చెప్పి, ఆ గౌరవం దొరకని స్త్రీల మాట, ముఖ్యంగా శ్వేతేతర స్త్రీల మాట వినమని కోరింది. అంతకు ఏడాదిన్నర ముందే, ఒక సినిమాలో కొన్ని సన్నివేశాలు మళ్ళీ తీసినప్పుడు సహనటుడికి 15 లక్షల డాలర్లు, ఆమెకి వెయ్యి డాలర్లలోపు ఇచ్చారన్న వార్త బయటికొచ్చింది. పేరు లేకుండా పనిచేసిన వెర్డన్ పాత్రకి ఆ వేదిక మీద దొరికిన సరైన ముగింపు నాకు ఆ ప్రసంగమే.

ఎందుకంటే సీరియల్ ముగింపు 1987 సెప్టెంబర్ 23. వాషింగ్టన్‌లో 'స్వీట్ ఛారిటీ' పునఃప్రదర్శన మొదలయ్యే రోజు ఫాసీ వీధిలో కుప్పకూలిపోయాడు, పక్కన వెర్డన్ ఉంది. గడియారం ఆగింది. కథా ఆగింది. ఆమె మాత్రం ఆ తర్వాత 13 ఏళ్ళు బతికింది. 1996లో రైన్‌కింగ్ నృత్యాలతో 'షికాగో' తిరిగి వేదికెక్కి, బ్రాడ్‌వేలో అన్నిటికంటే ఎక్కువకాలం నడిచిన అమెరికన్ మ్యూజికల్ అయింది. 1999లో ఫాసీ నృత్యాలన్నీ గుచ్చి ఒక ప్రదర్శన చేసినప్పుడు కళాసలహాదారు వెర్డన్. అప్పటికి ఆమెకి 74 ఏళ్ళు. ఒకప్పుడు ఆమె ప్రేమించిన, ఆమెని బాధపెట్టిన మనిషి అడుగులు కొత్త తరానికి అందడంలో ఈ ఇద్దరు స్త్రీల చెయ్యి ఉంది. ఆ ప్రదర్శన పేరు 'ఫాసీ'. 2000 అక్టోబర్‌లో ఆమె పోయినప్పుడు బ్రాడ్‌వే దీపాలు తగ్గించి ఆమెకి నివాళి ఇచ్చింది.

మన రంగస్థల నటీమణుల జీవితాలు రాయాలనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. టెలివిజన్‌వాళ్ళు కూడా ఆ కథల కోసం ఇవాళో రేపో వస్తారు. ఎవరిని ప్రేమించింది, ఎవరు మోసం చేశారు, ఎలా చితికిపోయింది అన్నవి వాళ్ళు అడగనే అడుగుతారు. ఎవరికి ఏ పాత్ర నేర్పింది, రాత్రికి ఎంత ఇచ్చారు, ఎవరి పేరు మీద పని చేసింది, భర్తో గురువో పోయిన మర్నాడు ఎక్కడికి వెళ్ళింది అన్నవి మనం అడిగి రాసి పెట్టుకోవాలి. అవి రాసి ఉంటేనే ఆమె కథకి ఆమె తేదీలుంటాయి.