బొమ్మల పుస్తకాల వెనుక చెక్కుడు పనివారు

ఇంగ్లండులో పిల్లల బొమ్మల పుస్తకాల చరిత్రను సాధారణంగా రచయితల, చిత్రకారుల పేర్లతోనే చెబుతారు గాని, ఆ చరిత్రలో అన్నిటికన్నా సారవంతమైన కాలం, అంటే 1865 తరువాతి ఇరవై ఏళ్లు, లండన్‌లోని చెక్కుడు పనివారి కార్ఖానాలు లేనిదే సాధ్యమయ్యేది కాదు. ఆనాడు బొమ్మల అచ్చుకు బాక్స్‌వుడ్ అనే గట్టి కొయ్యను వాడేవారు. కాండాన్ని అడ్డంగా కోసి నునుపు చేసిన ముఖం మీద, గీతలు మాత్రమే ఉబ్బెత్తుగా మిగిలేటట్టు చుట్టూ ఉన్న కొయ్యను సన్నని ఉక్కు పనిముట్లతో తొలిచివేస్తే, ఆ దిమ్మెను సీసపు అక్షరాల పక్కనే బిగించి మాటనూ బొమ్మనూ ఒకేసారి అచ్చువేయడం వీలయ్యేది.

గీసేవాడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు వేరువేరు మనుషులు కావడం వల్ల ఎవరి పని కుంటుపడినా బొమ్మ చెడిపోయేది. లూయిస్ కరోల్ 'ఆలిస్' తొలి నవలకు జాన్ టెనియల్ గీసిన 42 బొమ్మలను డాల్జియల్ సోదరుల కార్ఖానా చెక్కింది. 1865లో 2,000 ప్రతులు అచ్చయిన తరువాత బొమ్మలు సరిగా పడలేదని టెనియల్ అభ్యంతరం చెప్పగా, అచ్చు ఖర్చు తానే పెట్టుకున్న కరోల్ ఆ ప్రతులను పక్కన పెట్టించి, మరొకరి చేత పుస్తకమంతా తిరిగి అచ్చువేయించాడు. పిల్లల కోసం రాసిన ఒక కాల్పనిక నవలకు ఇంతటి శ్రద్ధ దక్కడం గొప్ప విషయమే.

రంగుల విషయంలో ఈ శ్రద్ధను పరాకాష్ఠకు చేర్చినవాడు ఎడ్మండ్ ఎవాన్స్. చౌక నవలల అట్టలకు రంగులు అద్దే పనిలో చేయి తిరిగిన ఇతడు, రంగులు కొద్దిగా వాడి, ప్రతులు ఎక్కువగా వేస్తే పిల్లల పుస్తకం చౌకగానూ అందంగానూ ఉండగలదని నమ్మాడు. 'టాయ్ బుక్స్' అని పిలిచే పలుచని బొమ్మల పుస్తకాలకు వాల్టర్ క్రేన్ చేత బొమ్మలు గీయించి, ఆరు పెన్నీల ధరకు అందేటట్టు చేశాడు. కేట్ గ్రీనవే తొలి పుస్తకాన్ని 1879లో 20,000 ప్రతులు వేసినప్పుడు ప్రచురణకర్తలు అది దుస్సాహసమన్నారు గాని, అవి త్వరలోనే చెల్లిపోయాయి.

అయితే వీరందరిలోనూ రాండాల్ఫ్ కాల్డికాట్ చేసిన పని విశిష్టమైనది. పూర్వం బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన ఇతడు 1878 నుంచి 1885 వరకు ఏటా క్రిస్మస్ వేళకు రెండేసి చొప్పున 16 పుస్తకాలు చేశాడు. ఇతడు కలంతో గీసిన బొమ్మను ఫొటో ద్వారా దిమ్మె మీదికి ఎక్కించి చెక్కేవారు. ఆ గీతల అచ్చు ప్రతి మీద కాల్డికాట్ రంగులు వేసి ఇస్తే, దాన్ని చూసి ఎవాన్స్ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మె చెక్కించి, కాగితం మీద ఒకదానిపై ఒకటి తప్పకుండా పడేటట్టు అచ్చువేసేవాడు. రంగు తక్కువగా, ఖాళీ ఎక్కువగా ఉన్న ఆ పుటల్లో గీతకు ఊపిరాడింది. అంతకన్నా ముఖ్యంగా, మాటలు ఆగిన చోట కథను బొమ్మ అందుకుంది. పళ్లెం చెంచాతో లేచిపోయిందని ముగిసే ప్రసిద్ధ శిశుగేయానికి ఇతడు గీసిన చివరి బొమ్మలో పళ్లెం ముక్కలై పడి ఉంటుంది, చెంచాను కత్తి, ఫోర్కు చెరొక పక్కనా పట్టుకొని తీసుకుపోతుంటాయి. గేయంలో ఈ విషాదం ఎక్కడా లేదు. నేటి బొమ్మల పుస్తకానికి ఆద్యుడు కాల్డికాట్ అని మారిస్ సెండాక్ వంటి చిత్రకారుడు భావించడానికి ఇటువంటి పుటలే ఆధారం.

1886లో, నలభై ఏళ్లు నిండకుండానే కాల్డికాట్ మరణించాడు. ఆ శతాబ్ది ముగిసే నాటికి ఫొటోల సాయంతో లోహపు బ్లాకులు తయారుచేసే పద్ధతి వచ్చి, చెక్కుడు పని కనుమరుగు కాసాగింది. కాల్డికాట్ అసలు చిత్రాలను సేకరించిన తండ్రి ఇంట పెరిగిన బియాట్రిక్స్ పాటర్, పుస్తకం చిన్నారుల చేతిలో ఇమడాలని, ధర తక్కువగా ఉండాలని పట్టుబట్టి, 1902లో తన కుందేలు కథను ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ద్వారా ఒక షిల్లింగుకు వెలువరించినప్పుడు, ఆ కొత్త మూడు రంగుల పద్ధతిలో దాన్ని అచ్చువేసినది ఎవాన్స్ స్థాపించిన ముద్రణాలయమే.