ఎక్స్‌టెన్షన్లు ఆగిన రోజులు

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కొత్త వెర్షన్ వేసుకున్నవాళ్లకు ఒకప్పుడు మొదట కనిపించేది ఒక జాబితా. ఈ ఎక్స్‌టెన్షన్లు కొత్త వెర్షన్‌కు సరిపడవు కాబట్టి ఆపేశాం అని అందులో ఉండేది. సరిపడే కూర్పు వచ్చిందేమోనని వెతికితే చాలాసార్లు ఏమీ దొరికేది కాదు. ప్రకటనలు ఆపేదో, డౌన్‌లోడ్లు చూసుకునేదో, రోజూ చేతికి అలవాటైనది ఏదో ఒకటి ఆ జాబితాలో ఉండనే ఉండేది. దాన్ని రాసినాయన ఉద్యోగం ముగించుకుని, తీరిక చేసుకుని సరిచేసేదాకా వాడేవాళ్లు ఆగాల్సిందే. ఆయనకు జీతమిచ్చేవాళ్లు ఎవరూ లేరు.

ఇలా బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములను బ్రౌజరు లోపలికి రానిచ్చే ఏర్పాటు 1997లోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లో వచ్చింది. టూల్‌బార్లు అంటగట్టేవాళ్లు దాన్ని బాగా వాడుకున్నారు. మామూలు ప్రోగ్రామరు తన అవసరానికి రాసుకుని పదిమందికీ పంచే పద్ధతి మాత్రం 2004 నవంబరు 9న 1.0గా విడుదలైన ఫైర్‌ఫాక్స్‌తో బలపడింది. ఆ బ్రౌజరు మెనూలు, బటన్లు, విండోలు అన్నీ జూల్ అనే మార్కప్ భాషలో రాసినవి. ఎక్స్‌టెన్షన్ కూడా అదే భాషలో ఉండి, బ్రౌజరు లోపలి కోడ్‌తో నేరుగా కలిసి నడిచేది. అద్దెకు దిగినవాడికి గోడలు కొట్టి గదులు మార్చుకునే హక్కు కూడా ఇచ్చినట్టన్నమాట. జార్జియో మావోనే రాసిన నోస్క్రిప్ట్, వ్లదిమిర్ పలాంట్ రాసిన యాడ్‌బ్లాక్ ప్లస్, జో హెవిట్ రాసిన ఫైర్‌బగ్ ఆ స్వేచ్ఛలోంచే పుట్టాయి.

తెలుగువాళ్లకూ ఆ స్వేచ్ఛవల్ల మేలు జరిగింది. అప్పట్లో ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో కాక సొంత ఫాంట్లలో ఉండేవి. ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా పిచ్చి గుర్తులే. పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఆ గుర్తులను బ్రౌజరులోనే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపించేది. పత్రికలు తమ పద్ధతి మార్చుకునేదాకా ఆగనక్కర లేకుండా, ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ పాఠకుడికి తెలుగు చదివే దారి చూపింది.

ఆ స్వేచ్ఛకు ఒక కట్టడి ఉండేది. ఎక్స్‌టెన్షన్ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా పనిచేస్తుందో దాని రచయిత ఒక చిన్న ఫైల్లో రాయాలి. బ్రౌజరు లోపలి కోడ్ ఎప్పుడు ఎక్కడ మారుతుందో చెప్పలేం కనుక ఆ జాగ్రత్తకు కారణం ఉంది. కానీ కోడ్‌లో ఏమీ చెడకపోయినా, ఫైల్లోని అంకె దాటితే చాలు, ఎక్స్‌టెన్షన్ ఆగిపోయేది. తెలిసినవాళ్లు ఫైలు తెరిచి అంకె మార్చుకునేవారు. తెలియనివాళ్లు ఎదురుచూసేవారు.

పెద్ద వెర్షన్ ఎప్పుడో ఒకసారి వచ్చినంత కాలం ఇది ఓర్చుకోదగిన ఇబ్బందే. 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4 వచ్చింది. జూన్‌లో 5, ఆగస్టులో 6, సెప్టెంబరులో 7. ఆరు వారాలకో వెర్షన్ అనే కొత్త పద్ధతిలో, ఎక్స్‌టెన్షన్ రచయిత ఒక అంకె మార్చి ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో అంకె వచ్చిపడేది. చివరకు 2012 జనవరి 31న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 10 లెక్క తిరగేసింది. చెడిందని తెలిసినవాటిని పక్కన పెట్టి, మిగతా చాలావాటిని సరిపడేవిగానే తీసుకోవడం మొదలుపెట్టింది. ఈ మార్పు వెర్షన్ల వేగం పెంచడానికి ముందే రావాల్సింది.

గూగుల్ క్రోమ్ మొదటినుంచీ వేరే దారి పట్టింది. 2010 జనవరిలో నాలుగో వెర్షన్‌తో ఎక్స్‌టెన్షన్లను అందరికీ అందించినప్పుడు, బ్రౌజరు అనుమతించిన పనులు మాత్రమే చేసేలా వాటికి హద్దులు గీసింది. ఆ పనిలో పాలుపంచుకున్న ఆరన్ బూడ్‌మన్, ఫైర్‌ఫాక్స్ కోసం గ్రీజ్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్ రాసినాయనే. హద్దులున్న ఎక్స్‌టెన్షన్ తక్కువ పనులు చేస్తుంది, అరుదుగా చెడుతుంది. 2015 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కూడా ఇదే దారికి వస్తున్నట్టు ప్రకటించింది. వేగానికీ భద్రతకూ బ్రౌజరును పలు ప్రాసెస్‌లుగా విడగొట్టాలంటే పాత పద్ధతి అడ్డం. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చేసరికి పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. డౌన్‌లోడ్లు చూసుకునే డౌన్‌దెమ్‌ఆల్ అభిమానులు 2019 దాకా ఎదురుచూశారు. తిరిగొచ్చినప్పుడు అందులో కొన్ని పాత సౌకర్యాలు లేవు. మార్పు తప్పనిసరే. అయినా ఏళ్ల తరబడి ఉచితంగా రాసిన కోడ్‌ను మొదటినుంచి మళ్లీ రాయమనడం చిన్న మాట కాదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మాత్రం క్యాలెండరు కొట్టింది. దొంగ ఎక్స్‌టెన్షన్లను అడ్డుకోవడానికి మొజిల్లా ప్రతిదానికీ డిజిటల్ సంతకం తప్పనిసరి చేసింది. ఆ సంతకం ఒక మధ్యస్థ సర్టిఫికెట్ మీద ఆధారపడుతుంది. దాని గడువు 2019 మే 4న, మన కాలమానంలో ఉదయం ఆరున్నరకు తీరిపోయింది. ముందే కొత్తది చేయాలన్న సంగతి జారిపోయింది. ఫైర్‌ఫాక్స్ సంతకాలను 24 గంటలకోసారి సరిచూస్తుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో ఎక్స్‌టెన్షన్లు ఆగిపోయాయి. ఫైర్‌ఫాక్స్ మీద కట్టిన టార్ బ్రౌజరులో, పేజీల్లోని స్క్రిప్టులను అడ్డుకునే నోస్క్రిప్ట్ కూడా ఆగింది. నిఘా భయంతో టార్ వాడేవాళ్లకు అది చిరాకు కాదు, ప్రమాదం.

కొత్త సర్టిఫికెట్‌ను మూల సర్టిఫికెట్‌తో సంతకం చేయాలి. ఆ మూల సర్టిఫికెట్ తాళంచెవి భద్రత కోసం నెట్‌కు దూరంగా, ప్రత్యేక పరికరంలో ఉంటుంది. ఒకరు కారులో అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత, ప్రయోగాల కోసం పెట్టుకున్న స్టడీస్ అనే మార్గంలో మొదటి మరమ్మతును పంపారు. గడువు తీరిన తొమ్మిది గంటల్లోపే అది బయల్దేరింది. కానీ గోప్యత కోసం స్టడీస్‌ను ఆపి ఉంచినవాళ్లకు అది చేరలేదు. దాన్ని ఆన్ చేసుకుంటే వినియోగ సమాచారం కూడా మొజిల్లాకు వెళ్తుంది. ఎక్స్‌టెన్షన్ కోసం గోప్యత వదులుకోవలసి వచ్చినవాళ్లు నొచ్చుకోవడం న్యాయమే. మొజిల్లా ఆ వారం రోజుల సమాచారాన్ని చెరిపేస్తామని మాటిచ్చింది. మే 5న 66.0.4 వెర్షన్‌తో మిగతావాళ్లలో చాలామందికి మరమ్మతు అందింది. 2025 మార్చి 14న ఒక మూల సర్టిఫికెట్ గడువే తీరినప్పుడు ఈ పాఠం పనికొచ్చింది. కొత్త సర్టిఫికెట్ ఉన్న 128వ వెర్షన్ 2024 జులైలోనే వచ్చేసింది. పాత వెర్షన్లు వాడేవాళ్లను ముందే హెచ్చరించారు.

క్రోమ్‌లో ఇటీవల జరిగినదానికి మాత్రం మరమ్మతు అనే మాటే వర్తించదు. మ్యానిఫెస్ట్ వి3 అనే కొత్త నిబంధనల్లో, పేజీ కోరే ప్రతి వస్తువునూ చూసి అప్పటికప్పుడు ఆపే అధికారాన్ని గూగుల్ మామూలు ఎక్స్‌టెన్షన్ల నుంచి తీసేసింది. ముందుగా రాసిచ్చిన నియమాల పట్టిక ప్రకారం ఆపే పని బ్రౌజరే చేస్తుంది. మొదటి ముసాయిదాలో నియమాల పరిమితి 30,000. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ రచయిత రేమండ్ హిల్ 2019 జనవరిలో అభ్యంతరం చెప్పారు. పరిమితి పెరిగింది, పాత ఎక్స్‌టెన్షన్లను ఆపే గడువు 2023 నుంచి 2024కు జరిగింది, నిర్ణయం మారలేదు. భద్రత కోసమని గూగుల్ అంటుంది. కానీ ప్రకటనలే ప్రధాన ఆదాయంగా ఉన్న కంపెనీ, ప్రకటనలు ఆపే పనిముట్టు బలం తగ్గించే నిబంధన రాస్తే ఆ ఒక్క మాటతో నమ్మడం కష్టం. 2024 జూన్‌లో హెచ్చరికలు మొదలయ్యాయి. 2025లో కోట్లమంది వాడే యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో ఆగిపోయింది. హిల్ కొత్త నిబంధనలకు లోబడి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ రాశారు. అది పాతదానంత చేయలేదు. పాత అధికారాన్ని కొనసాగిస్తామని మొజిల్లా ప్రకటించింది కనుక, అసలు యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తోంది.