హోషంగాబాద్ విజ్ఞాన్: పల్లె బడికి వచ్చిన భౌతికశాస్త్రం

మధ్యప్రదేశ్‌లో నర్మదకు దక్షిణపు ఒడ్డున ఉన్న అప్పటి హోషంగాబాద్ జిల్లాలో, 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు చెప్పే తీరు మారింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పాఠం వల్లించడం మాని ప్రయోగాలు చేయడం మొదలుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో ఈ పనికి పూనుకున్నవి రెండు స్వచ్ఛంద సంస్థలు. ఒకటి రసూలియాలో క్వేకర్ క్రైస్తవులు నడిపిన ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, రెండోది బన్‌ఖేడీ ప్రాంతంలోని కిశోర్ భారతి. కిశోర్ భారతిని నెలకొల్పిన అనిల్ సద్గోపాల్ టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఉద్యోగం వదులుకుని పల్లెకు వచ్చిన అణుజీవశాస్త్రవేత్త. జనం నోట ఈ కార్యక్రమం పేరు హోషంగాబాద్ విజ్ఞాన్.

దీని మూలాలు మాత్రం పల్లెలో లేవు. అఖిల భారత సైన్సు ఉపాధ్యాయుల సంఘంలోని భౌతికశాస్త్ర బృందం అప్పటికే ప్రయోగాల మీద నడిచే పాఠాలు తయారు చేసింది. డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్ ఉపాధ్యాయుడు బి.జి. పిత్రే అందులో ముఖ్యుడు. కలవారి పిల్లల బడిలో సాగిన పద్ధతి కరెంటు లేని పల్లె బడిలో సాగుతుందా అన్నది అప్పటి ప్రశ్న. పిత్రే బృందం హోషంగాబాద్ వచ్చింది. టాటా సంస్థ నుంచి యశ్‌పాల్ వంటి భౌతికశాస్త్రవేత్తలు తోడ్పడ్డారు. 1973 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, ముఖ్యంగా భౌతికశాస్త్ర విభాగం వారు, వంతులవారీగా రావడం మొదలైంది. ఎమ్మెస్సీ క్లాసులు చెప్పే ప్రొఫెసరు ఆరో తరగతి పిల్లల పక్కన నేల మీద కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

తరగతిలో పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చునేవారు. ప్రతి జట్టుకూ కిట్టులోంచి సామాను అందేది: పరీక్షనాళికలు, కటకాలు, అయస్కాంతాలు, టార్చి బల్బులు, సెల్లులు. సూది కావలసిన చోట తుమ్మ ముల్లు సరిపోయేది. 'బాల్ వైజ్ఞానిక్' అనే పుస్తకంలో ఏం చేయాలో ఉండేది, ఏం చూడాలో ప్రశ్నలు ఉండేవి, జవాబులు మాత్రం ఉండేవి కావు. చూసింది చూసినట్టు ఎవరి నోటుబుక్కులో వాళ్లు రాసుకోవాలి.

ఈ పద్ధతి బలం కొలతల పాఠంలో బాగా కనిపిస్తుంది. ఒకే బల్లను తరగతిలో అందరూ కొలుస్తారు. ఒకరి లెక్కకు మరొకరి లెక్క సరిపోదు. మామూలు బడిలో అయితే ఒక అంకె ఒప్పు, మిగతావన్నీ తప్పు. ఇక్కడ ఆ అంకెలన్నీ నల్లబల్ల మీదికి ఎక్కుతాయి. ఎంత తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది, స్కేలు అంచు అరిగిందా, కన్ను పక్కకు ఉందా అన్న చర్చ మొదలవుతుంది. కొలత ఏదైనా కొంత హెచ్చుతగ్గులతోనే వస్తుందన్న సంగతి చాలామందికి డిగ్రీ ప్రయోగశాలలో గాని తెలియదు. హోషంగాబాద్ పిల్లలకు అది పదకొండు, పన్నెండేళ్లకే చేతికందింది. భౌతికశాస్త్రం మీద ఇష్టం పుట్టించడానికి ఇంతకన్నా నిజాయితీ గల దారి మరొకటి ఉండదు.

పిల్లల కంటే ముందు మారవలసింది ఉపాధ్యాయుడు. వేసవి సెలవుల్లో జరిగే శిక్షణలో ఉపాధ్యాయులే పిల్లల్లా జట్లు కట్టి ప్రతి ప్రయోగమూ చేసేవారు. బడులు తెరిచాక ప్రతి నెలా సమావేశం ఉండేది. ఏ ప్రయోగం కుదరలేదు, ఏ ప్రశ్న పిల్లలకు అర్థం కాలేదు, కిట్టులో ఏది విరిగింది అన్నవన్నీ అక్కడ చర్చకు వచ్చేవి. విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవారు బడుల చుట్టూ తిరిగి తరగతులు చూసేవారు. తమకు తెలియనిది తెలియదని ఉపాధ్యాయుల ముందు ఒప్పుకునేవారు. పుస్తకం తిరగరాసేటప్పుడు ఈ సమావేశాల్లో వచ్చిన మాటలు లెక్కలోకి వచ్చేవి.

పరీక్ష కూడా మారింది, అది మారకుంటే మిగతాదంతా వృథా అయ్యేది. ఎనిమిదో తరగతి బోర్డు పరీక్షలో సైన్సుకు పుస్తకం, నోటుబుక్కు దగ్గర పెట్టుకునే రాయనిచ్చేవారు. దానికి తోడు ప్రయోగ పరీక్ష ఉండేది. బట్టీ పట్టినవాడికి అక్కడ ఒరిగేదేమీ ఉండేది కాదు.

1978లో కార్యక్రమం జిల్లా అంతటికీ విస్తరించింది. ఆ ఏడాదే ఐఐటీ కాన్పూర్‌లో చదివిన యువ ఇంజనీరు అరవింద్ గుప్తా, పుణెలోని టెల్కోలో పని చేస్తూ సెలవు పెట్టి ఇక్కడికి వచ్చారు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి ఆకారాలు కట్టించడం ఆయన ఇక్కడే మొదలుపెట్టారు. ఆయన తర్వాత ఊరూరా నేర్పిన మోటారు కూడా ఇలాంటిదే. ఎనామిల్ పూత ఉన్న రాగి తీగను చుట్టగా చుట్టి, రెండు కొసలు బయటికి వదలాలి. సెల్లుకు చెరోవైపు ఒక పిన్నీసు నిలిపి, సైకిల్ ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీతో బిగించాలి. పిన్నీసుల కన్నాల్లో తీగ కొసలు ఆనాలి, సెల్లు మీద అయస్కాంతం పెట్టాలి. కిటుకంతా పూత గీకడంలో ఉంది. ఒక కొసకు చుట్టూ గీకాలి, రెండో కొసకు మూడు వైపులే గీకి నాలుగోది వదలాలి. రెండూ పూర్తిగా గీకితే, సగం తిరిగేసరికి తోపు ఎదురు తిరిగి చుట్ట ఊగి ఆగిపోతుంది. పూత మిగిలిన వైపు వచ్చినప్పుడు కరెంటు తెగుతుంది, చుట్ట తన ఊపుతోనే ముందుకు పోతుంది, రాగి తగలగానే మళ్లీ తోపు అందుతుంది. ఆ నాలుగో వైపు ఎందుకు వదలాలో తనంతట తాను కనిపెట్టిన పిల్లకు మోటారు సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు.

బడి వేళ దాటాక పుట్టే ప్రశ్నలకు సవాలీరామ్ ఉండేవాడు. ఆ పేరు గల మనిషి లేడు. పిల్లలు ఆ పేరున ఉత్తరం రాస్తే కార్యక్రమం తరఫున జవాబు వచ్చేది.

1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఈ పనిని చేపట్టింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన వినోద్ రైనా దాని స్థాపకుల్లో ఒకరు. ఇతర జిల్లాలకూ పాకి, చివరికి కార్యక్రమం సుమారు 1,000 బడులకు, లక్ష మంది పిల్లలకు చేరింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. సర్కారు బడుల్లో, సర్కారు ఉపాధ్యాయులతో మూడు దశాబ్దాలు నడిచిన పనిని అలా ఆపడం అన్యాయమే.

తెలుగు నేలకు ఈ గాలి వేరే దారిన వచ్చింది. 1987లో సైన్సు ప్రచారం కోసం దేశమంతటా సాగిన భారత జన విజ్ఞాన జాతాలో ఏకలవ్య పాలుపంచుకుంది. ఆ ఊపులో 1988లో ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. పిల్లల కోసం వేదిక నడిపే 'చెకుముకి' పత్రిక, ఆ పేరుతో జరిగే పోటీలు ఎన్నో బడులకు చేరాయి. యశ్‌పాల్ అధ్యక్షతన 2005లో జాతీయ విద్యా ప్రణాళిక చట్రం తయారైంది. దాని వెలుగులో 2011లో ఆంధ్రప్రదేశ్ తన చట్రాన్ని రూపొందించుకుంది, ఆ తర్వాత వచ్చిన భౌతికశాస్త్ర పుస్తకాల్లో కృత్యాలకు పెద్దపీట వేసింది. కృత్యం పుస్తకంలో అచ్చయినంత మాత్రాన తరగతిలో జరగదు. హోషంగాబాద్‌లో అది జరిగిందంటే కారణం సామాను నిండిన కిట్టు, నెలనెలా తప్పని సమావేశం, బట్టీకి తావివ్వని పరీక్ష.