మలుపు రాకముందే

పొద్దున్న ఏడు గంటలు. హేవ్‌లాక్ నార్త్ నడిబొడ్డున, రోడ్లన్నీ వచ్చి కలిసే కూడలి పక్కన, సైకిల్ మీద కూర్చుని ఒక కాలు నేలకు ఆనించి ఉన్నారు మీరు. అక్టోబరు నెల. న్యూజిలాండ్‌లో ఇది వసంతం. అయినా చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇళ్ల కప్పుల మీదుగా తలెత్తి చూస్తే పచ్చటి కొండ, దాని వెన్ను మీద అప్పుడే పడుతున్న ఎండ. దాని పేరు టె మాటా. ఎత్తు 399 మీటర్లు. మీరు ఎక్కబోయేది దాన్నే.

తోడొచ్చిన అన్నయ్యగారిది రాజమండ్రి. ఇక్కడి ఆపిల్ తోటల్లో పని చేస్తారు. మీ హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూస్తారు. "ఇంకొంచెం బిగించండి. ఇది లేకుండా సైకిలెక్కితే ఇక్కడ జరిమానా." 1994 నుంచి ఈ దేశంలో చట్టం అది. తర్వాత వంగి టైర్లు నొక్కుతారు. మీ బ్రేకులు రెండూ పట్టి సైకిల్‌ను ముందుకు తోస్తారు. చక్రం కదలదు. "పదండి."

"హేవ్‌లాక్ అంటే మన గోదావరి మీది పాత వంతెన పేరే కదండీ?" అని అడుగుతారు మీరు.

"ఆయన వేరండీ. మన వంతెనకి పెట్టింది మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవ్‌లాక్ పేరు. ఈయన 1857లో లక్నో మీదికి సైన్యాన్ని నడిపించిన హెన్రీ హేవ్‌లాక్."

1860లో ఈ ఊరు వేసినప్పుడు ఆ యుద్ధం కబుర్లు ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడు మీరు తిరుగుతున్న వీధి పేరు సిమ్లా అవెన్యూ. ఊళ్లో లక్నో రోడ్డు కూడా ఉంది. ఇంత దూరం వచ్చి మన ఊళ్ల పేర్లు చదువుకుంటుంటే గొంతులో ఏదో కదులుతుంది. ఆలోచించే వ్యవధి లేదు. టె మాటా పీక్ రోడ్డు మొదలైంది. పెడల్ బరువెక్కింది.

మొదటి ఎత్తు చూడగానే మీకు పట్టుదల వస్తుంది. సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతారు. అన్నయ్యగారిని దాటేస్తారు. వంద గజాలు. రెండు వందలు. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. తొడలు మండుతున్నాయి. నాలుక పిడచకట్టింది. ఇంతలో ఆయన, సీటు మీంచి లేవకుండా, చిన్న గేరులో కాళ్లు గిరగిరా తిప్పుకుంటూ మీ పక్కకు వస్తారు.

"కూర్చోండి. గేరు దించండి. ఈ కొండని ముద్ద ముద్దగా తినాలండీ. ఒక్కసారే తినబోయినాయన కథ తెలుసా?"

బదులు చెప్పడానికి మీకు ఊపిరి లేదు. ఆయనే చెబుతారు.

ఈ కొండ ఒక మనిషి. మావోరీలు దీన్ని టె మాటా ఓ రోంగోకాకో అంటారు. అతడు వైమారామా తీరంలో ఉండే మహాకాయుడు. అతడి పేరు చెబితే మైదానంలోని వాళ్లకు వణుకు. వాళ్లంతా పాకిపాకి అనే చోట కూడి తలపట్టుకుంటే ఒక ముసలమ్మ ఉపాయం చెప్పింది: హినెరాకౌ మీద అతడు మనసు పడేలా చేయండి. హినెరాకౌ అక్కడి నాయకుడి కూతురు. అతడు మనసు పడ్డాడు. ఆమె పెట్టిన పరీక్షల్లో ఆఖరిది, తీరానికీ మైదానానికీ అడ్డంగా ఉన్న కొండల్ని కొరికి తిని దారి చేయడం. తింటూ తింటూ గొంతుకు అడ్డుపడి ప్రాణం విడిచాడు. పడిపోయిన ఒళ్లే ఈ కొండ. వెన్నులో కనిపించే ఆ గండి అతడి చివరి కొరుకు.

మీరు గేరు దించుతారు. కాళ్లు తేలికపడతాయి. ఊపిరి ఒక లయలోకి వస్తుంది.

ఇళ్లు వెనకబడ్డాయి. పార్కు గేటు దాటారు. 1927లో ఛాంబర్స్ కుటుంబం ప్రజలకు ఇచ్చేసిన నేల ఇది. ఏటవాలు పచ్చికలో గొర్రెలు మేత ఆపి మిమ్మల్ని చూస్తున్నాయి. రోడ్డు సన్నబడింది. గట్టుకు ఈ పక్క మీరు, ఆ పక్క లోయ. చెట్ల చాటు పోగానే గాలి కొడుతుంది. సైకిల్ ఒక్కసారి పక్కకు జరుగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకండి. బిగిసిన చేతులు గాలి తోపును నేరుగా చక్రానికి అందిస్తాయి. మోచేతులు కాస్త వంచండి. అలా. ఇంకొక్క మలుపు. ఇంకొక్కటి.

శిఖరం.

కాళ్లు వణుకుతున్నాయి, కళ్లు మాత్రం నిండిపోయాయి. తూర్పున కొండ నిట్టనిలువుగా తెగిపోయి, అడుగున టుకిటుకి నది వెండి తీగలా మెలికలు తిరుగుతోంది. పడమట హెరెటౌంగా మైదానం, గళ్ల చీరలా పండ్ల తోటలు. దూరాన రువాపెహు అగ్నిపర్వతం మంచు. ఉత్తరాన సముద్రపు ఒడ్డున నేపియర్. 1931 ఫిబ్రవరి 3న భూకంపం 256 మందిని పొట్టన పెట్టుకున్న ప్రాంతం ఇది. ఆ రోజు నేపియర్ పక్కన ఉప్పునీటి మడుగు అడుగుభాగం పైకి లేచి నేలయింది. మీ కాళ్ల కింది సున్నపురాయి కూడా ఒకనాటి సముద్రపు అడుగే. వంగి చూడండి, రాతిలో గవ్వల ముక్కలు.

అన్నయ్యగారు నీళ్ల సీసా మూత బిగిస్తారు. "ఎక్కడం అయిపోయింది. కష్టమైంది ఇప్పుడు."

దిగుతున్నారు. పెడల్ తొక్కే పనే లేదు. గాలి చెవుల్లో హోరు పెడుతోంది. ఘాట్ రోడ్డు దిగే బస్సు డ్రైవరు చిన్న గేరులో పెట్టి ఇంజనుతోనే వేగం పట్టుకుంటాడు. మీకు ఇంజను లేదు. రెండు బ్రేకులు. రెండు చేతులు.

మొదటి మలుపు. అనుకున్నదాని కంటే దగ్గర. మీరు లోపలికి వచ్చేశారు. భయంతో బ్రేకు నొక్కుతారు. వెనక చక్రం జారింది. సైకిల్ ఒరిగింది. ముందు లోయ. వదిలేయండి! వదిలేశారు. చక్రం మళ్లీ నేలను పట్టింది. రోడ్డు అంచు టైరుకు జానెడు దూరంలో వెళ్లిపోయింది.

ఎందుకు జారింది? టైరు నేలకు తగిలేది బొటనవేలంత మేర. మలుపు తిరగడానికీ ఆ పట్టే, ఆగడానికీ ఆ పట్టే. రెండూ ఒకేసారి అడిగితే చాలదు. అందుకే బ్రేకు వేయాల్సింది మలుపుకు ముందు, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడు. లోపలికి వెళ్లాక వదిలేయాలి.

రెండో మలుపు కనబడింది. ఎడమకు. గట్టు అడ్డం. అవతల ఏముందో తెలియదు. వెనకాల నుంచి కేక: "ఇప్పుడే!"

పట్టండి. రెండూ. మెల్లగా, గట్టిగా. వేగం తగ్గింది. వదలండి. కుడి పెడల్ కిందికి. ఒళ్లు బరువంతా దాని మీద. చూపు మలుపు చివరికి.

కారు.

రోడ్డు నడిమధ్యలో. పైకి వస్తోంది. ఎడమ అంచున కంకర. కుడివైపు కారు. మధ్యలో మూడడుగుల తారు.

లోయ వైపు చూడకండి. కారు వైపు చూడకండి. ఆ మూడడుగులే చూడండి.

చూశారు. సైకిల్ అటే వెళ్లింది. కారు అద్దం మీ మోచేతి పక్కగా పోయింది. డ్రైవరు ముఖం తెల్లబోయింది. అంతే. రోడ్డు ఖాళీ. గొర్రె ఒకటి అరిచింది.

మొదటి మలుపులో ఉన్న వేగమే ఇక్కడా ఉండి ఉంటే, ఆ మూడడుగులు మీకు చాలేవి కావు.

మళ్లీ సిమ్లా అవెన్యూ. మళ్లీ ఆ కూడలి. సైకిల్ దిగి గోడకు ఆనించి, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటారు. వేళ్లు ఇంకా వణుకుతున్నాయి. అన్నయ్యగారు ఏమీ అనరు. కొండ వైపు తలెత్తి చూస్తారు. ఎండలో ఆ మహాకాయుడు పడుకుని ఉన్నాడు, గొంతులో ఆఖరి ముద్ద అలాగే ఉంది.

రేపు మీరు హార్స్‌లీ హిల్స్ దిగుతారో, అనంతగిరి దిగుతారో, లంబసింగి దిగుతారో. సైకిల్ మీదైనా, మోటారు సైకిల్ మీదైనా, పక్కన ఎవరూ కేక వేయకపోయినా, ఆ కేక మీరే వేసుకోండి. బ్రేకు మలుపులో కాదు, మలుపు రాకముందే.