ప్లాస్టిక్ సైనిక నమూనా బొమ్మలు

ఒక కాలానికీ, ఒక దళానికీ చెందిన సైనికుణ్ణి కచ్చితమైన నిష్పత్తిలో కుదించి, ప్లాస్టిక్ విడిభాగాలను అతికించి, రంగులు వేసి తయారుచేసే ప్రతిమను సైనిక నమూనా బొమ్మ అంటారు. పిల్లలు ఆడుకునే సిపాయి బొమ్మకూ దీనికీ ఉన్న తేడా సైజులో లేదు. బొత్తాలు ఎన్ని వరుసలు, తలపాగా ఎటు చుట్టారు, తోలుపట్టీ ఏ భుజం మీదుగా దిగుతుంది అన్నవి ఆధారాలు చూసి తేల్చుకోవడంలో ఉంది. ఈ విడిభాగాల కిట్లు దాదాపు అన్నీ విదేశాల్లో తయారైనవే. వాటితో చెప్పదగిన కథలు మాత్రం చిత్తూరు ప్రాంతంలోని కుప్పం, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల దండిగా ఉన్నాయి.

ఈ బొమ్మలకు ముందు సీసపు సైనికుల బొమ్మలు ఉండేవి. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మల్ని పోత పోయడం మొదలుపెట్టాక అవి చవకయ్యాయి. 1959లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ చిన్న సైనికుల పెట్టెలను అమ్మకానికి పెట్టింది. అవి మెత్తటి పాలిథీన్‌వి కావడంతో జిగురు అంటేది కాదు, వేసిన రంగు పెచ్చులు లేచేది. జపాను సంస్థ తమియా 1968లో గట్టి పాలీస్టైరీన్‌తో 1/35 నిష్పత్తిలో సైనికుల వరుసను ప్రారంభించింది. ఆ 1/35 అంకె వెనుక లెక్కంటూ ఏమీ లేదు. ఆ సంస్థ మొదటి పాంథర్ ట్యాంకు నమూనాలో మోటారు, బ్యాటరీలు పట్టేలా కొలతలు పెట్టుకుంటే ఆ నిష్పత్తి తేలింది. తర్వాత ప్రపంచమంతా దాన్నే అనుసరించింది. ఈ నిష్పత్తిలో 175 సెంటీమీటర్ల మనిషి 5 సెంటీమీటర్లకు వస్తాడు. 1/72లో రెండున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ, 1/16లో సుమారు 11 సెంటీమీటర్లు ఉంటాడు.

తయారీ

తల, మొండెం, కాళ్లు, చేతులు, సామగ్రి విడివిడిగా ఒకే ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని చేత్తో విరవకూడదు, చిన్న కటింగ్ ప్లయర్‌తో కత్తిరించాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ప్రతి భాగం మీదా సన్నని గీత మిగులుతుంది. దాన్ని బ్లేడుతో గీకి, 600 నంబరు ఉప్పుకాగితంతో నున్నగా చేయాలి. ఈ పని విసుగని వదిలేస్తే రంగు వేసిన తర్వాత చెంప మీద మచ్చలా బయటపడుతుంది. పలచటి మోడల్ సిమెంటు మామూలు జిగురులా అంటించదు. పాలీస్టైరీన్‌ను కొద్దిగా కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. అందుకే ఎక్కువైతే ముఖకవళికలు కూడా కరిగిపోతాయి.

భారత సైనికుల కిట్లు చాలా తక్కువ. కాబట్టి ఇక్కడి చరిత్ర చేయాలనుకునేవారికి మార్పులు తప్పవు. యూరప్ సైనికుడి టోపీ కోసేసి, రెండు ముద్దలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీని సన్నని తాళ్లలా పేని, ఒక్కో చుట్టుగా తలపాగా కట్టాలి. పుట్టీ బిగిసేలోపు తడిపిన సూదితో మడతలు గీయాలి. తుపాకీ పట్టీకి పలచటి సీసపు రేకు గానీ కాగితం గానీ వాడతారు. పోతపోసిన పట్టీ గుడ్డలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది, రేకు అయితే బరువుకు వేలాడినట్టు ఉంటుంది.

ఒంటిరంగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కిట్లతో వచ్చే రంగుల పట్టిక చూపే చర్మఛాయ చాలావరకు గులాబీ తెలుపు. దానికి నలుపు కలిపితే మనవాళ్ల రంగు రాదు, బూడిదరంగు వస్తుంది. ముదురు గోధుమరంగుతో మొదలుపెట్టి, ముక్కు, చెంప ఎముకలు, నుదురు మీద పసుపుమట్టి రంగు కలుపుతూ తేల్చాలి. తెలుపు వాడితే ముఖం సున్నం రాసినట్టవుతుంది. కనురెప్పల కింద, పెదవుల కింద నీడకు ఎర్రటి గోధుమరంగు బాగా నప్పుతుంది.

స్థానిక చరిత్ర, ఆధారాలు

మైసూరు పాలకుడు హైదరాలీ 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గరి నరసింగరాయునిపేట విడిదిలో చనిపోయాడు. మదనపల్లెకు దగ్గరలో, మైసూరు అధీనంలో ఉన్న గుర్రంకొండ కోటను 1791లో హైదరాబాదు నిజాం సేనలు ఈస్టిండియా కంపెనీ ఫిరంగుల సాయంతో ముట్టడించాయి. ఆనాటి మైసూరు సైనికుణ్ణి చేయాలంటే హైదరాలీ కొడుకు టిప్పు సేనల దుస్తుల మీది పులిచారల గుర్తు, వెదురుకర్రకు కట్టిన ఇనుప గొట్టపు రాకెట్టు ముఖ్యం. ఎదుటి పక్షాన ఉన్న కంపెనీ మద్రాసు సైన్యపు సిపాయికి ఎర్రకోటు, తొడల వరకే ఉండే తెల్ల లాగు, కాళ్లకు చెప్పులు ఉండాలి. పొడుగు ప్యాంటు, బూట్లు వేస్తే అతను ఆ కాలపువాడు కాకుండా పోతాడు.

ఇంత చిన్న విషయాలకు ఎంత విలువ ఉందో వేలూరు తిరుగుబాటు చెబుతుంది. మద్రాసు సైన్యంలో తోలు బిళ్ల ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలనీ, బొట్టు, చెవిపోగులు తీసేయాలనీ, గడ్డాలు గీయించుకోవాలనీ ఆజ్ఞలు వచ్చాయి. వాటిని నిరసిస్తూ 1806 జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ తర్వాత ఆజ్ఞలు రద్దయ్యాయి. కనుక ఆ ఆజ్ఞలకు ముందటి 1799 శ్రీరంగపట్నం ముట్టడిలోని మద్రాసు సిపాయిని చేసేవారు నుదుట నామమో విభూతో, చెవులకు పోగులో చూపాలి. 1/32 నిష్పత్తిలో ముఖం 7 మిల్లీమీటర్లకు మించదు. నామానికి అన్నిటికన్నా సన్నని కుంచె, తొందరగా ఆరని రంగు కావాలి. పోగులకు వెంట్రుకంత రాగితీగ చాలు. నా దృష్టిలో ఆ బొమ్మ మొత్తానికీ అదే ముఖ్యమైన పని.

ఇంకా వెనక్కి వెళితే, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో బాణ, వైదుంబ, నొళంబ రాజుల కాలపు వీరగల్లులు ఉన్నాయి. యుద్ధంలోనో, పశువుల దోపిడీని అడ్డుకుంటూనో చనిపోయినవాళ్ల రాతి బొమ్మలవి. బిగించి కట్టిన నడికట్టు, సిగముడి, కత్తి, విల్లు పట్టిన తీరు వాటిలో తెలుస్తాయి. తొమ్మిది, పది శతాబ్దాల యోధుణ్ణి చేయడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం దొరకదు. చిక్కల్లా ఒకటే: శిల్పి ముందుభాగమే చెక్కాడు. అంబులపొది వీపున ఎలా కట్టారు, నడికట్టు వెనుక ఎక్కడ ముడిపడింది, గుడ్డ రంగేమిటి అన్నవి ఆ రాయి చెప్పదు. అలాంటప్పుడు ఊహించిన రంగులు పూయడం కన్నా, బొమ్మను వీరగల్లులాగే పలకకు ఆనించి, రాతి బూడిదరంగులోనే ఉంచడం నిజాయితీ గల పద్ధతి.