నాలుగు పెన్సిల్ సెల్లుల కంప్యూటరు

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉంటారు. అందుకని నేను నా వృత్తికి దగ్గరైన ఒక చరిత్ర రాస్తానని సంపాదకవర్గానికి చెప్పాను. పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి మైక్రోప్రాసెసర్ పాఠం చెప్పినవాణ్ణి కనుక నాకు తెలిసింది అదే. 1983లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఒక చిన్న కంప్యూటరు కథ ఇది. పేరు టీఆర్ఎస్-80 మోడల్ 100. నలభై ఏళ్లు దాటినా దాన్ని బీరువాలో దాచకుండా పనికి వాడుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కారణమేమిటో చెప్పాలని నా ప్రయత్నం. దానికీ మన పల్నాటికీ ఏమిటి సంబంధం అంటారేమో, ఆ సంగతికీ వస్తాను.

చేత్తో మోసుకుపోయే కంప్యూటరు అన్న ఆలోచన అప్పటికే ఉంది. 1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 బరువు సుమారు 11 కిలోలు. చూడటానికి కుట్టుమిషను పెట్టెలా ఉండేది. తెర అయిదంగుళాలు. ఎక్కడికి మోసుకెళ్లినా గోడకు ప్లగ్గు ఉండాల్సిందే. 1982 నాటి గ్రిడ్ కంపాస్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లా మడతపడేది. కానీ ధర 8,000 డాలర్ల పైమాటే. ఎప్సన్ హెచ్ఎక్స్-20 చిన్నది, బ్యాటరీతో నడిచేది. దాని తెరమీద మాత్రం వరసకు 20 అక్షరాల చొప్పున నాలుగు వరసలే పట్టేవి.

మోడల్ 100 ఈ మూడింటి ఇబ్బందుల్నీ చాలావరకు తప్పించింది. యంత్రాన్ని తయారుచేసింది జపాన్‌లోని క్యోసెరా. సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. అమ్మింది టాండీ కంపెనీ, తన రేడియో షాక్ దుకాణాల ద్వారా. మన పిల్లలు చాలామంది స్థిరపడిన డల్లాస్ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. కొద్ది మార్పులతో ఇదే యంత్రాన్ని ఎన్ఈసీ, ఒలివెట్టి కంపెనీలు కూడా తమ పేర్లతో అమ్మాయి. బరువు ఒకటిన్నర కిలోలోపే. పూర్తి టైపురైటరు మీటలు, వరసకు 40 అక్షరాల చొప్పున ఎనిమిది వరసలు పట్టే ఎల్‌సీడీ తెర. అన్నిటికన్నా ముఖ్యం, నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే సుమారు 20 గంటలు నడిచేది. గోలీషాపులోనైనా దొరికే సెల్లులవి.

అంతసేపు ఎలా నడిచిందంటే, తెర వెనక దీపం లేదు, తిరిగే డిస్కు లేదు, ప్రాసెసరు కూడా తక్కువ కరెంటు తాగే సీమాస్ రకం. రాసినదంతా నేరుగా మెమరీలోనే ఉంటుంది కాబట్టి సేవ్ చేయడం అనే పనే లేదు. స్విచ్ నొక్కిన మరుక్షణం మెనూ వస్తుంది. ఆపి మళ్లీ వేస్తే ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. లోపలున్న చిన్న నికెల్-కాడ్మియం సెల్లు, యంత్రం ఆపి ఉన్నప్పుడు ఆ మెమరీని కాపాడుతుంది. మా మేనల్లుడు అమెరికాలో ఒక ఇంటిముందు పాత సామాను అమ్ముతుంటే కొని, నాకొకటి తెచ్చిచ్చాడు. అందులోని ఆ సెల్లు కారిపోయి బోర్డు మీద పచ్చగా చిలుము పట్టింది. శుభ్రంచేసి, కొత్త సెల్లు సోల్డరింగ్ చేశాను. అంతే, పనిచేసింది. నాలుగు మరలు విప్పితే లోపల ఏది ఏమిటో కంటికి కనిపించే యంత్రం కాబట్టి అది సాధ్యమైంది.

ఆ రోజుల్లో దీన్ని అందరికన్నా ఎక్కువగా ఇష్టపడింది పత్రికా విలేకరులు. ఆటమైదానంలోనో, రైల్లోనో, హోటల్ గదిలోనో కూర్చుని వార్త రాసి, అక్కడున్న ఫోను ద్వారానే ఆఫీసుకు పంపేవారు. అందుకు కావలసిన మోడెమ్ అందులోనే ఉంది. వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. మూడువేల అక్షరాల వార్త వందసెకన్లలో చేరేది.

అదే కాలంలో మన దగ్గర సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మనది గుంటూరు జిల్లా. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. మాచర్ల, గురజాల విలేకరులు చేతిరాతతో వార్త రాసి, కవరులో పెట్టి, ఆర్టీసీ బస్సులో పంపేవారు. బస్సు తప్పితే వార్త మర్నాటికి పాతబడేది. ట్రంకాల్ దొరికితే అదృష్టం. మోడల్ 100 ధర అక్కడ వెయ్యి డాలర్లకు అటూఇటూ. అప్పటి మారకం రేటులో పదివేల రూపాయల చిల్లర. ఆపైన దిగుమతి సుంకం. ఒక పంతులుగారి చాలా నెలల జీతం అన్నమాట. మాటిమాటికీ కరెంటు పోయే మన ఊళ్లకు అచ్చంగా సరిపోయే యంత్రం మన ఊళ్లకు రానేలేదు.

అయితే దాని గుండెకాయ మాత్రం వచ్చింది. మోడల్ 100లో ఉన్న ప్రాసెసరు 80సీ85. అంటే ఇంటెల్ 1976లో తెచ్చిన 8085కు సీమాస్ రూపం. దీనికి ముందున్న 8080కు మూడు రకాల వోల్టేజీలు కావాలి. 8085కు ఒక్క అయిదు వోల్టులు చాలు. పేరు చివరి 5 అందుకే వచ్చింది. మన రాష్ట్రంలో పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్‌లోనో ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాళ్లూ ఈ 8085 కిట్ మీద చెయ్యి వేసినవాళ్లే. చెక్కపెట్టెలో ఆకుపచ్చ బోర్డు, గళ్ల మీటలు, ఆరు ఎర్ర అంకెల దీపాలు, పక్కన గావోంకర్ పుస్తకం. 06 కొడితే ‘తర్వాత వచ్చే సంఖ్యను బీ అనే గడిలో పెట్టు’ అని. 80 కొడితే ‘బీలో ఉన్నదాన్ని ఏ అనే గడిలోకి కలుపు’ అని. 76 అంటే ‘ఇక ఆగు’. ఈ సంఖ్యలకు మోడల్ 100 లోపల కూడా అదే అర్థం. నరసరావుపేట కుర్రవాడు ల్యాబులో నేర్చుకున్న భాషా, అమెరికా విలేకరి ఒడిలో ఉన్న యంత్రం లోపలి భాషా ఒకటే.

దాని ఆకర్షణకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. యంత్రంలో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాములన్నీ కలిపి 32 కిలోబైట్లు. బేసిక్ భాష, రాతపని, ఫోను సంబంధం, చిరునామాలు, రోజువారీ పనుల పట్టిక, అన్నీ అందులోనే. దీని కోడ్‌లో చాలా ఎక్కువ భాగం తాను స్వయంగా రాసిందేననీ, అందుకే దీనిమీద తనకంత మమకారమనీ బిల్ గేట్స్ తర్వాత చెప్పారు. ఆయనతోపాటు రాసినది సుజుకీ అనే జపాన్ ఇంజినీరు. ఇద్దరి చేతిలో ఇమిడిన పని కాబట్టి మూడోవాడి బుర్రలోనూ ఇముడుతుంది. అభిమానులు ఆ 32 కిలోబైట్లనూ ఆజ్ఞ తర్వాత ఆజ్ఞగా విప్పి, అర్థం రాసుకున్నారు. కొత్త మెమరీ బోర్డులు చేసి అమర్చుకున్నారు. మెనూలో సంవత్సరానికి ముందు 19 అన్న అంకెలు స్థిరంగా ఉన్నాయని, కొత్త శతాబ్దంలో అవి తప్పని తెలిసి, దానికీ మందు కనుక్కున్నారు. తయారుచేసిన కంపెనీ వదిలేసినా వాడేవాడు వదలలేదు, ఎందుకంటే బాగుచేయడానికి కావలసిన జ్ఞానం వాడేవాడి దగ్గరే ఉంది.

పాతదని నెత్తిన పెట్టుకోవాల్సిన పని మాత్రం లేదు. అది తెలుగు రాయలేదు. ఒక్కో అక్షరానికి దాని తెరమీద అడ్డం ఆరు చుక్కలు, నిలువు ఎనిమిది చుక్కలే చోటు. ‘క’ ఏదోలా పట్టించినా ‘స్త్రీ’ ఎక్కడ పడుతుంది? వత్తూ గుణింతమూ ఉన్న మన లిపికి కంప్యూటరులో చోటు రావడానికి ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణేలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం, 1991 నాటి ఇస్కీ ప్రమాణం, అదే ఏడు తెలుగును చేర్చుకుని వచ్చిన యూనికోడ్ కావలసివచ్చాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరపు ప్రతి గుర్తుకూ మామూలుగా మూడు బైట్లు పడుతుంది. నిండా మెమరీ వేసిన మోడల్ 100లో ఖాళీ చోటు 29,638 బైట్లు. ఈ ఒక్క వ్యాసంతోనే అందులో చాలా భాగం నిండిపోతుంది. అందుకని, మన పిల్లలకు కొత్త కంప్యూటర్లు వద్దని నేననను. తెలుగులో చదవాలన్నా, రేపు ఉద్యోగం చేయాలన్నా అవే కావాలి.

కానీ కొత్త కంప్యూటరు పిల్లవాడికి వాడకం నేర్పుతుంది, లోపలికి మాత్రం రానివ్వదు. ఫోను మూత తీయడానికి వీల్లేదు. ప్రోగ్రాము లోపల ఏముందో చూడటానికి వీల్లేదు. ‘ఇది ఇలా ఎందుకు చేస్తోంది సార్?’ అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే, ఆఖరు ఆజ్ఞ దాకా చూపించి సమాధానం చెప్పగల యంత్రం ఒక్కటైనా బడిలో ఉండాలి. ఒక్కదాన్ని పూర్తిగా ఎరిగినవాళ్లకు తక్కినవాటి ముందు భయం ఉండదు. నా దగ్గర చదివినవాళ్లలో నేను చూసింది ఇదే.

స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమివ్వాలా అని సంఘంలో అందరం మాట్లాడుకుంటున్నాం. కొత్త కంప్యూటర్లు ఇద్దాం. వాటి పక్కన ఒక బల్ల వేసి, దానిమీద రెండు 8085 కిట్లు పెట్టనివ్వమని నా మనవి. కాలేజీల్లో సిలబస్ మారి ఈ కిట్లు బీరువాల మీద దుమ్ము పట్టి ఉన్నాయి; తుక్కు కింద పోకముందే అడిగితే ఇస్తారు. మీలో ఎవరి కాలేజీలోనైనా ఉంటే తెలియజేయండి. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు నేను తెస్తాను. నా మోడల్ 100ను కూడా ఆ బల్లమీదే ఉంచుతాను, పిల్లలు మూత తీసి చూడొచ్చు. నెలకు రెండు శనివారాలు వచ్చి పాఠం చెబుతాను. ఎలక్ట్రానిక్స్ చదివి రిటైరైన మిత్రులు ఇంకొకరిద్దరు తోడొస్తే మిగతా శనివారాలు కూడా ఖాళీ పోవు.